ఓడ, పడవ: పరిమాణమూ పూచీ – పెనుకొండ సీమ చెరువుల ఆధారంగా ఒక పరిశీలన

ఓడకూ పడవకూ గల భేదమేమిటన్న ప్రశ్నకు నావికుల నోట వినిపించే సమాధానం ఒకటి లోకంలో బాగా ప్రచారంలో ఉంది. ఓడ పడవను మోయగలదు, పడవ ఓడను మోయలేదు. సూత్రం క్లుప్తంగా ఉంది; వినగానే సరిపోయినట్లు తోస్తుంది. కొలతలు, బరువులు, తెరచాపల లెక్కలు ఏవీ అక్కరలేకుండా, రెండు వస్తువుల నడుమ ఉన్న సంబంధాన్ని మాత్రమే ఆధారం చేసుకొని గీత గీయడం అందులోని నేర్పు. అయితే మోసేదానికీ మోయబడేదానికీ ఉన్న సంబంధం ఎన్నటికీ తిరగబడదని ఆ సూత్రం ముందే అనుకొంటుంది. తెలుగు సామెత ఆ మాటకు ఒప్పుకోదు. ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి. ఒకనాడు బండి ఓడనెక్కి నీరు దాటుతుంది. మరొకనాడు ఓడ బండినెక్కి నేల దాటుతుంది. సుమతీ శతకకారుడు దీనినే కలిమిలేములకు ఉపమానం చేసుకొన్నాడు.

ఈ సామెత తీరప్రాంతానికే పరిమితమైనది కాదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలకు సముద్రం ఏ దిక్కున చూసినా రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దూరం. ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. పెన్న, జయమంగళి, చిత్రావతి పేరుకు నదులే గాని ఏడాదిలో ఎక్కువ కాలం కనిపించేది ఇసుకే. ఇక్కడివారిలో చాలామందికి నీటిమీద తేలే వాహనమంటే కోనేటిలో తెప్పోత్సవం నాడు కనిపించే తెప్ప మాత్రమే. అయినా ఓడలూ బండ్లూ ఈ సీమ మాటల్లో నలుగుతూనే ఉన్నాయి. పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్ద 2019 నుంచి తయారవుతున్న కియా కార్లు కొన్ని రేవులకు చేరి, ఓడలెక్కి విదేశాలకు పోతున్నాయి. కారును కూడా ‘బండి’ అనే వాడుక ఇక్కడ సహజం కాబట్టి, సామెతలోని సగభాగమైనా ఈ మెట్టనేల మీద అక్షరాలా నిజమైంది.

ఓడకూ పడవకూ భేదం చెప్పడం నిఘంటుకారుని పని అని వదిలివేయవచ్చు. కాని ఆ ప్రశ్న వెనుక మరొకటి ఉంది. కేవలం ఎక్కువతక్కువల భేదం ఎక్కడ, ఎలా జాతి భేదమవుతుంది? గీత ఎక్కడ ఉందో చెప్పలేకపోతే భేదమే లేదని అనవచ్చునా? సముద్రం లేని చోట ఈ ప్రశ్న ఓడల విషయంలో కాక నీటి విషయంలోనే ఎదురవుతుంది. కుంట ఏది, చెరువు ఏది, ‘సముద్రం’ ఏది అన్న రూపంలో పెనుకొండ సీమలో అది శతాబ్దాలుగా ఉన్నది. అక్కడ దాని జవాబు మీద పొలాలూ ఇళ్లూ ఆధారపడి ఉన్నాయి.

మాటల సాక్ష్యం

ముందుగా మాటలను చూడవలసి ఉంది. తెలుగులో నీటి వాహనాలకు పేర్లు కొల్లలు: తెప్ప, పుట్టి, దోనె, పడవ, నావ, బల్లకట్టు, ఓడ, కలము. సంస్కృతం నుంచి వచ్చిన నౌక, పోతం వీటికి అదనం. అవచి తిప్పయసెట్టికి అంకితమైన హరవిలాసంలో శ్రీనాథుడు కప్పలి, జోంగు వంటి విదేశీ వర్తక నౌకల పేర్లను కూడా ప్రస్తావించాడు. అమరకోశం వారివర్గంలో నౌ, తరణి, తరి ఒక గుంపుగా, ఉడుపం, ప్లవం, కోలం మరొక గుంపుగా కనిపిస్తాయి. అంటే కట్టిన వాహనానికీ, తేలుడు వస్తువులను కలిపి వాడుకొనే సాధనానికీ తేడా ఉన్నదన్న గుర్తింపు అమరసింహుని నాటికే ఉంది. భోజుని పేర ప్రచారంలో ఉన్న యుక్తికల్పతరువు మరింత ముందుకు పోయి, నౌకలను సామాన్యాలు, విశేషాలు అని రెండుగా విడదీసింది. మొదటివి లోనాటి జలాలకు, రెండోవి కడలికి. సామాన్యాలలో క్షుద్ర, మధ్యమ, భీమ మొదలైన పది రకాలను పొడవు, వెడల్పు, ఎత్తుల కొలతలతో పేర్కొన్నది. ఇక్కడ రెండు ప్రమాణాలు ఒకదానిమీద ఒకటి పడ్డాయన్నది గమనార్హం. పై విభజన నీటి స్వభావాన్ని బట్టి, లోపలి విభజన కొలతను బట్టి.

తెలుగు వాడుక ఆ విభజనను పట్టించుకోలేదు. ‘ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య’ అన్న సామెతలోని ఓడ సముద్రంలో లేదు, ఏటిలో ఉంది. అది పరిమాణంలో పడవకు మించినది కాకపోవచ్చు. అయినా దానిని నడిపేవాడు ఓడ మల్లయ్యే. మరోవైపు ‘ఏరు దాటి తెప్ప తగలేసినట్లు’ అన్న సామెత ఉంది. ఏరు దాటి ఓడ తగలేయడం గురించి ఎవరూ మాట్లాడరు. తెప్పతో మనిషికి ఉన్నది ఒక్క దాటుడు సంబంధం. అది ఎవరిదీ కాదు, అవసరం తీరితే కట్టెలు. ఓడ అలా కాదు. మల్లయ్యను మరచిపోవచ్చునేమో గాని ఓడ రేపటివారి కోసం రేవులో ఉండవలసిందే. ఈ రెండు సామెతలను పక్కపక్కన పెడితే కనిపించే తేడా పొడుగు వెడల్పులది కాదు.

ఇతర భాషల్లోనూ పరిమాణం ఈ భారాన్ని మోయలేకపోయింది. తెరచాపల కాలంలో ఆంగ్ల నావికులు మూడు స్తంభాలకూ చతురస్రపు తెరచాపలున్నదానినే ఖచ్చితార్థంలో ఓడ అన్నారు. భారతీయ వాణిజ్య నౌకాయాన చట్టం (1958) తెరచాప నావ ‘ఓడ’ అన్న మాటలో చేరదని నిర్వచించింది. ఒకనాడు ఏ చాపలు ఉంటేనే ఓడ అయిందో, మరొకనాడు ఆ చాపల మూలంగానే ఓడ కాకుండా పోయింది. జలాంతర్గామి ఎంత పెద్దదైనా ఆంగ్ల నావికాదళాల వాడుకలో పడవే. సముద్రంలో ఢీకొనడాలను నివారించే 1972 నాటి అంతర్జాతీయ నియమావళి ఇరుకు మార్గాల్లో దారి ఇచ్చే విషయంలో 20 మీటర్ల పొడవు వద్ద ఒక గీత గీసింది. స్తంభం మీది దీపాల విషయంలో 50 మీటర్ల వద్ద మరొకటి గీసింది. ఆ నియమావళికి ఓడ–పడవ వివాదంతో పనిలేదు. ఏ పని కోసం గీత కావాలో ఆ పనికి తగిన చోట గీసుకొన్నది. దాని వివేకం అదే.

ఈ చిక్కును భారతీయ దర్శనాలు మరొక మార్గంలో ముందే గుర్తించాయి. వైశేషికంలో పరిమాణం ఒక గుణం. అణు, మహత్, దీర్ఘ, హ్రస్వ భేదాలతో ఉంటుంది. మారేడు కంటె ఉసిరిక, ఉసిరిక కంటె రేగుపండు చిన్నవి కాబట్టి వాటిని ‘అణువు’లంటున్నా ఆ వ్యవహారం గౌణమేనని ప్రశస్తపాదుడు వివరించాడు. రేగుపండు తనంత తానుగా అణువు కాదు, ఉసిరిక పక్కన నిలబెట్టినప్పుడు మాత్రమే. అటువంటి సాపేక్షమైన చిన్నతనం జాతికి ఆధారం కాజాలదు. ఉదయనుడు చెప్పిన జాతిబాధకాలలో సాంకర్యాన్ని ఇక్కడ అన్వయించి చూడవచ్చు. సముద్రయానం చేపల పడవకు ఉంది, దానికి ఓడతనం లేదు. మల్లయ్య ఓడకు ఓడతనం ఉంది, సముద్రయానం లేదు. వర్తక నౌకలో రెండూ ఉన్నాయి. ఒకదానినొకటి విడిచి ఉంటూ మరొకచోట కలిసి ఉండే ధర్మాలు రెండూ జాతులు కాజాలవు. కనుక నైయాయికుని లెక్కలో ఓడత్వం జాతి కాదు, ఉపాధి. అంతమాత్రాన అది మిథ్య కాదు. వంటవాడితనం ఉపాధే, అయినా వంటవాడికీ వంట రానివాడికీ తేడా విస్తరి ముందు కూర్చున్నవారికి తెలుస్తుంది. కాబట్టి తేల్చవలసింది ఓడ అన్న వ్యవహారానికి ఆధారమైన ఉపాధి ఏమిటన్నది.

కుంట, చెరువు, సముద్రం

అనంతపురం పక్కనున్న పెద్ద చెరువును బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు 1364లో పండమేరుకు అడ్డంగా కట్టించాడని ప్రసిద్ధి. కట్టకు ఒక కొసన బుక్కరాయసముద్రం, మరొక కొసన అనంతసాగరం అన్న ఊళ్లు వెలిశాయి. ఒక సముద్రం, ఒక సాగరం. వాటి నడుమ ఉన్నది వానకాలంలో నిండి వేసవిలో అడుగంటే చెరువు. ఈ పేర్లను రాజుల అతిశయోక్తిగా కొట్టివేయడం తేలిక. కాని కుంటను ఎవరూ సముద్రమనలేదు. పేరు పెట్టినవారి మనసులో ఏదో ఒక మెట్టు దాటినట్లు లెక్క ఉంది.

ఆ మెట్టు ఎక్కడ? క్రీస్తు పూర్వం 4వ శతాబ్దికి చెందిన మిలేటస్ వాసి యూబులిడీస్ పేర చెప్పే కుప్ప సమస్య ఇక్కడ సరిగ్గా వర్తిస్తుంది. ఒక్క గింజ కుప్ప కాదు. కుప్ప కానిదానికి ఒక్క గింజ చేర్చితే కుప్ప కాదు. అలా అయితే ఎన్ని గింజలైనా కుప్ప కాకూడదు. తిరగేస్తే, కుప్పలోంచి ఒక్క గింజ తీస్తే కుప్ప పోదు. అన్నీ తీసినా పోకూడదు. తర్కశాస్త్ర గ్రంథాల్లో ఇది వినోదంగా కనిపిస్తుంది. పట్టణం అంచున ఉన్న కుంట గట్టు మీద కనిపించదు. అక్కడ గింజ స్థానంలో బండి మట్టి ఉంటుంది. ఒక్క బండి మట్టి పోస్తే కుంట పోదు. నిజమే. రెండో బండికి కూడా అది నిజమే. ఏ బండి దగ్గర కుంట పోయిందో ఎవరూ చూపలేరు కాబట్టి ఏ బండివాడూ దాన్ని పూడ్చలేదు. ఒకనాటికి అక్కడ కుంట ఉండదు. రాయలసీమ పట్టణాల్లోనే కాదు, తెలుగు నేలమీది అనేక పట్టణాల్లో పేరు చివర కుంట మిగిలి, నీటి ఆనవాలు లేని పేటలు ఈ తర్కానికి ఫలితాలే.

ఇక్కడ జరిగిన తప్పును రెండుగా విడదీయాలి. గీత లేదన్న పరిశీలన సరైనదే. గీత లేదు గనుక భేదం లేదన్న నిగమనం సరైనది కాదు. పగటికీ రాత్రికీ నడుమ గీత లేదు. అయినా పగలు దీపం లేకుండా నడిచేవాడు అర్ధరాత్రి అలా నడవడు. వాదం లోపల ఇంకొక మెలిక కూడా ఉంది. ప్రతి బండినీ విడిగా లెక్కపెట్టమంటున్నది ఆ తర్కం. కాని బండ్లు విడిగా రావు. రేపటి బండిని తోలేవాడు ఇవాళ్టి బండిని చూసే వస్తాడు.

కుంటకూ చెరువుకూ భేదం నీటి లోతులో వెదికితే దొరకదు. వాన తప్పిన ఏడాది ధర్మవరం చెరువులో కంటే ఏ పల్లె కుంటలోనైనా ఎక్కువ నీరుండవచ్చు. కట్ట పొడుగులో వెదికినా అంతే. చిన్న చెరువుకు, పెద్ద కుంటకు కట్టలు సమానంగా ఉంటాయి. తూము ఉంటే చెరువు అని కొందరంటారు గాని, తూములున్న కుంటలూ ఉన్నాయి. మరి ఏ ఉపాధి? చెరువు నిండి మరవ పారినప్పుడు, లేదా నిండక తూము ఎప్పుడు ఎత్తాలో తేలనప్పుడు, ఊరు ఎవరివైపు చూస్తుందో అక్కడ సమాధానం ఉంది. కుంట దగ్గర ఆ పని పక్క పొలం రైతుదే. తన నీరు, తన గట్టు, తన పార. చెరువు దగ్గర అది నీరుగంటిది. ఏ మడికి ఎంతసేపు నీరు పారించాలో చూసేవాడు అతడు. పంటలో అతనికి వాటా ఉంటుంది. కట్ట మరమ్మతుకు దశబంధ ఇనాం ఉండేది. ఆ భూమి అనుభవించేవారు చెరువును బాగుచేయవలసినవారు. మనిషి పోయినా వారసునికి భూమితోపాటు ఆ పని కూడా వచ్చేది. అంటే కుంట విషయంలో పూచీ మనిషిది. చెరువు విషయంలో అది పదవిది.

ఓడకూ పడవకూ ఉన్న భేదం కూడా ఇదేనని ఈ వ్యాసం ప్రతిపాదన. పడవలో ఎక్కినవారికి తెడ్డు వేసేవాడు ఎదురుగా కనిపిస్తాడు. పడవ మునిగితే అతడూ మునుగుతాడు. అతనికీ పూచీకీ మధ్య ఎవరూ లేరు. ఓడలో పూచీ పంపకమవుతుంది. చుక్కాని పట్టేవాడు ఒకడు, కావలి కాసేవాడు ఒకడు, యంత్రాల దగ్గర ఒకడు, అందరిపైనా నాయకుడు. తీరం మీద యజమాని, నమోదు చేసిన రేవు, జెండా ఇచ్చిన దేశం. వీరిలో ఎవరు మారినా ఆ స్థానం మిగులుతుంది. పరిమాణం పెరిగినకొద్దీ ఈ పంపకం అవసరమవుతుంది గనుక పెద్దవి ఓడలూ చిన్నవి పడవలూ కావడం తరచుగా జరుగుతుంది. కాని పరిమాణం కారణమే గాని లక్షణం కాదు. మల్లయ్య ఓడ ఏటిలో ఉండి కూడా ఓడ కావడానికి హేతువు ఇదే. ఊరంతటినీ రోజూ దాటించడం అతని బతుకు, అతని పేరు. ఆ పేరును ఏరు దాటాక ఊరు తీసివేసింది. అందుకే ఆ సామెతలో నింద మల్లయ్య మీద కాక ఊరిమీద పడుతుంది.

ఈ ఆలోచన ఆధునికమని అనుకోనక్కరలేదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు కట్టమీది 1369 నాటి సంస్కృత శాసనం దీన్ని స్పష్టంగా ఎరిగినదే. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించిన ఆ చెరువు పేరు అనంతరాజసాగరం. రోజుకు వేయిమంది కూలీలు, రాళ్లు తోలే వంద బండ్లు రెండేళ్లు పనిచేసినట్లు శాసనం చెబుతున్నది. చెరువు నిర్మాణానికి పన్నెండు అంగాలను, ఆరు దోషాలను అది లెక్కించింది. అంగాలలో మొట్టమొదటిది గట్టినేల కాదు, రాయి కాదు, ఏరు కూడా కాదు. ధర్మపరుడై, సంపన్నుడై, కీర్తిని కోరే రాజు. ఆ తర్వాతిది జలశాస్త్రం తెలిసిన పండితుడు. దోషాలలో కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, మధ్యలో మిట్ట వంటివి ఉన్నాయి. నీరు కొద్దిగా ఉండి నేల విస్తారంగా ఉండడం ఒక దోషం. నీరు విస్తారంగా ఉండి నేల కొద్దిగా ఉండడం మరొకటి. ఈ రెండూ పరిమాణాన్ని విడిగా కాక పొందికగా చూస్తున్నాయి. వీటన్నిటి నడుమ భూగర్భంతో ఏ సంబంధమూ లేని దోషం ఒకటి ఉంది: రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండడం. అక్కడ నేల మంచిదే కావచ్చు, నీరు తియ్యనిదే కావచ్చు. కట్ట తెగితే ఎవరిని పిలవాలో తెలియదు. శాసనకర్త దృష్టిలో అది కారే కట్టతో సమానమైన దోషం.

పెనుకొండ విషయంలో ఇందుకు మరో సాక్ష్యం దొరుకుతుంది. 1388లో రెండవ హరిహరరాయల కుమారుడు బుక్కరాయలు పెనుకొండలో ఉండి, జలసూత్రధారి అయిన సింగయభట్టును హెన్నె నదిని, అంటే పెన్నను, పెనుకొండకు తెమ్మని ఆజ్ఞాపించాడు. సింగయభట్టు సిరువెర చెరువుకు కాలువ తవ్వించి, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని పేరుపెట్టి, శాసనం వేయించాడు. కాలువ పొడుగెంత, లోతెంత అన్నదానికంటె ఎవరు ఆజ్ఞాపించారు, ఎవరు చేశారు అన్నవి ఆ శాసనానికి ముఖ్యమయ్యాయి. పేర్లు చెక్కించుకోవడంలో కీర్తికాంక్ష లేదని కాదు. పోరుమామిళ్ల శాసనం కీర్తికాంక్షను ఒక అంగంగానే ఒప్పుకొన్నది. చెక్కిన పేరు కీర్తికి ఎంత సాక్ష్యమో నిలదీయడానికి అంత చిరునామా.

పదవి విఫలమైనప్పుడు ఏమవుతుందో బుక్కరాయసముద్రం కథే చెబుతుంది. చెరువు తెగబోతున్న వేళ ఊరి క్షేమం కోసం ముసలమ్మ అనే కోడలు తనను బలి ఇచ్చుకొన్నదన్న గాథను కట్టమంచి రామలింగారెడ్డి 1899లో కావ్యంగా మలచాడు. ఆ కావ్యంలోని త్యాగాన్ని విమర్శకులు విస్తారంగా ప్రశంసించారు. అది న్యాయమే. కాని ఆ ప్రశంసలో ఒక అంశం మరుగున పడింది. కట్టకు రాజు ఉన్నాడు, అధికారి ఉన్నాడు, ఊరిపెద్దలున్నారు. తెగే వేళకు ఆ పూచీ మొత్తం పదవులేవీ లేని ఒక ఇంటి కోడలి మీదికి జారింది. సముద్రమని పేరుపెట్టి కట్టినదాన్ని చివరికి కుంటలా ఒక మనిషి మోయవలసి వచ్చింది.

లెక్క ఆగిన చోటు

పదవుల పూచీని అంకెలకు అప్పగించడం ఆధునిక పాలనకు తప్పనిసరి. ఆ అప్పగింతలో పొంచివున్న ప్రమాదానికి ఓడల చరిత్రలోనే తిరుగులేని ఉదాహరణ ఉంది. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగిన నాటికి బ్రిటిష్ నియమాలు ప్రాణరక్షక పడవల సంఖ్యను ఓడ టన్నులను బట్టి నిర్ణయించాయి. ఆ పట్టికలో చివరి వరుస 10,000 టన్నులు, ఆపైన. టైటానిక్ 46,000 టన్నులకు మించినది. పట్టిక ప్రకారం 16 పడవలు చాలు. దానిలో 20 ఉన్నాయి. అవన్నీ నిండితే 1,178 మంది పడతారు. ఓడలో ఉన్నవారు సుమారు 2,200 మంది. చనిపోయినవారు దాదాపు 1,500. నియమాన్ని ఎవరూ ఉల్లంఘించలేదు. గీతకు ఆవల ఓడలు పెరుగుతూ పోయాయి, గీత మాత్రం ఉన్నచోటే ఉంది. ఓడ పడవను మోస్తుందన్న సూత్రం కూడా ఆ రాత్రి తలకిందులైంది. అంతవరకు మోయబడిన పడవలే ఓడలోనివారిని మోయవలసి వచ్చింది; మోయడానికి అవి చాలలేదు.

చెరువుల విషయంలో గీత 40 హెక్టార్ల ఆయకట్టు దగ్గర ఉంది. ఆంధ్ర ప్రాంతంలో దశాబ్దాలుగా, దానికి మించిన చిన్ననీటి చెరువులు నీటిపారుదల శాఖ కింద, లోపలివి పంచాయతీల కింద అన్న విభజన సాగింది. 1997 నాటి రైతుల నీటిపారుదల నిర్వహణ చట్టం కింద ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలు ప్రధానంగా గీతకు పైనున్న చెరువులకే వచ్చాయి. పైకి ఇది పరిమాణ భేదం. ఆచరణలో ఇది ఇంజనీరు ఉన్న చెరువుకూ లేని కుంటకూ మధ్య గీత. పంచాయతీకి కుంట అప్పగించినప్పుడు దానితోపాటు నీరుగంటినీ దశబంధాన్నీ అప్పగించలేదు. ఆ వ్యవస్థ అప్పటికే సడలిపోయింది. పూచీ మనిషిదిగా ఉండే పాత కుంట కాదు ఇది, పూచీ పదవిదిగా ఉండే చెరువూ కాదు. రెంటికీ నడుమ, పోరుమామిళ్ల శాసనం చెప్పిన సరిహద్దు దోషంలో పడింది. స్థలం రెవిన్యూది, నీరు పంచాయతీది, అలుగు దాటిన వంక మరొకరిది. ఈ ఖాళీలోకే బండి మట్టి వస్తుంది.

ఈ ప్రతిపాదన మీద ఒక బలమైన ఆక్షేపణ రావచ్చు. చెరువును చెరువుగా నిలిపేది పూచీయే అయితే, దాన్ని ఎవరూ పట్టించుకోనప్పుడు అది చెరువు కాకుండా పోవాలి. అప్పుడు పూడ్చినవాడి వాదమే గెలుస్తుంది. పూచీ లేదు గనుక చెరువు లేదు, చెరువు లేదు గనుక పూడ్చినా తప్పులేదు. ఆక్షేపణ పైపైది కాదు. నాగసేనుడు మిలిందునికి రథం గురించి చెప్పిన మాట దీనికి బలమిస్తుంది. చక్రం రథం కాదు, ఇరుసు రథం కాదు, నొగ కూడా కాదు; వాటి కూర్పును బట్టి వచ్చిన వ్యవహారమే రథం. కూర్పు చెదిరితే వ్యవహారమూ చెదరాలి కదా.

సమాధానం నెరవేర్చిన పూచీకీ, ఉండవలసిన పూచీకీ ఉన్న తేడాలో ఉంది. మరమ్మతు కోసం రేవులో నేలకెక్కించిన ఓడ నీటిలో లేదు, ప్రయాణంలో లేదు, దానిలో నావికులు కూడా లేకపోవచ్చు. అది ఓడ కాదని ఎవరూ అనరు. దాని పదవులు ఖాళీగా ఉన్నాయి, రద్దు కాలేదు. ఖాళీ అన్న మాటకు అర్థం రావాలంటే స్థానం ఉండాలి. థీసియస్ ఓడ పలకలన్నీ మార్చాక అదే ఓడ అవునా కాదా అని ప్లుటార్క్ కాలం నుంచి వాదిస్తున్నవారు పలకలనే లెక్కించారు. ఏథెన్సువారు ఆ పలకలను తరతరాలుగా మారుస్తూ వచ్చారన్నది ఆ కథలోనే ఉంది. మార్చవలసిన పని తమదని వారు అనుకొన్నారు. ఆ మార్చేవారి వరుస తెగలేదు. పెనుకొండ సీమ చెరువులకు ఇది మరీ వర్తిస్తుంది. నాలుగేళ్లు వరుసగా నిండని చెరువు ఇక్కడ వింత కాదు. నీరుంటేనే చెరువు అంటే ఈ సీమలో చాలా ఏళ్లు చెరువులే ఉండవు. ఎండిన చెరువులో పూడిక తీసి పొలాలకు తోలుకొనే రైతు అది చెరువని తెలిసే తోలుతాడు. ఆ బండ్లు కూడా మట్టి బండ్లే, కాని అవి పోసే బండ్లు కావు, తీసే బండ్లు. కుప్ప సమస్యలో గింజ కలపడానికీ తీయడానికీ తర్కం ఒకటే. చెరువులో ఆ రెండూ ఒకటి కావు.

న్యాయస్థానాలు కూడా ఈ తేడాను గుర్తించాయి. ఎండిపోయి చెరువు లక్షణం కోల్పోయిందన్న కారణంతో గ్రామ చెరువు స్థలాన్ని ఇళ్లకు కేటాయించడాన్ని 2001లో సర్వోన్నత న్యాయస్థానం అంగీకరించలేదు. చెరువులు సమాజపు ఉమ్మడి వనరులని, వాటిని కాపాడవలసిన బాధ్యత అధికారులదని ఆ తీర్పు సారాంశం. నీరు లేకపోవడం చెరువు లేకపోవడానికి రుజువు కాదు. చెరువు పాడైందంటే ఎవరో చేయవలసిన పని చేయలేదన్నంతవరకే ఆ స్థితి రుజువు చేస్తుంది.

మిగిలేది చిన్న కుంటల సంగతి. వాటికి శాసనం లేదు, సముద్రమన్న పేరు లేదు, 40 హెక్టార్ల ఆయకట్టు లేదు. పెద్ద చెరువుకు ఎగువన ఉన్న కుంటలు మొదటి వానను పట్టి, నిండాక కిందికి వదులుతాయి. ఒక వంక మీద కుంటలూ చెరువులూ గొలుసుకట్టుగా ఉంటాయి. పైకుంట పూడితే వాన ఒక్కసారిగా కింది చెరువు మీద పడుతుంది, లేదా పక్కదారి పట్టి ఇళ్లలోకి పోతుంది. ఆ విధంగా చూస్తే పడవలు ఓడలో ఉన్నట్లే కుంటలు చెరువుకు ఉన్నాయి. చెరువు లెక్కలో అవి చేరవు, చెరువు భద్రత వాటి మీద ఉంటుంది. ఒక్కో కుంట ఆయకట్టును విడిగా కొలిచి పంచాయతీ పట్టికలో వేసే పద్ధతిలో ఈ సంబంధం నమోదయ్యే గడి లేదు. అడంగల్‌లో ఆ సర్వే నంబరు ఎదుట ‘కుంట పోరంబోకు’ అని ఉంటుంది. ఆ కుంట మరవ నీరు ఏ చెరువులో చేరుతుందో, దాని కట్ట చూడవలసినవారు ఎవరో ఆ వరుసలో ఉండదు.